మెరక మీద చోటు

కొల్లేటి నడుమ ఉన్న మొగలిలంకలో నేల చాలా తక్కువ. ఇళ్ళకీ, బడికీ, చర్చికీ, చిన్న రామాలయానికీ పోగా మిగిలిన ఎత్తయిన జాగా రెండు కళ్ళాలంత ఉంటుంది. దాన్ని అందరూ మెరక అంటారు. తమ్మిలేరు పొంగి వచ్చి ఊరి చుట్టూ నెలరోజులు నీళ్ళు కూర్చున్నా మెరక తడవదు. క్రైస్తవ సంఘంవాళ్ళు తమలో చనిపోయినవాళ్ళని అక్కడ పడుకోబెడతారు.

జాగా తక్కువ కాబట్టి దానికో కట్టుబాటు ఉంది. సంఘం రిజిస్టరులో పేరున్న ప్రతి ఇంటికీ మెరక మీద ఒక వరస. ఎవరి పక్కన ఎవరో బతికుండగానే అనుకుంటారు. ఊరు విడిచి మరో సంఘంలో చేరేవాళ్ళు బదిలీ ఉత్తరం తీసుకోవాలి. ఉత్తరం తీసుకున్న రోజున రిజిస్టరులో వాళ్ళ పేరు కొట్టేస్తారు, మెరక మీద వాళ్ళ చోటు సంఘానిదవుతుంది. ఇది ఎవరికీ అన్యాయంగా తోచలేదు. నీళ్ళ మధ్య బతికేవాళ్ళకి ఖాళీగా అట్టిపెట్టడానికి నేల ఎక్కడిది?

హన్నమ్మ చోటు మరియ పక్కన.

మరియ ఆమె మొదటి బిడ్డ. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. అప్పటికి లంకకి రోడ్డు లేదు. పాపని ఒళ్ళో పెట్టుకుని హన్నమ్మ తాటిదోనెలో కూర్చుంటే, భర్త సీమోను గెడ వేశాడు. గుర్రపుడెక్క దోనెకి అడ్డం పడుతూనే ఉంది, ఆయన దాన్ని చీల్చుకుంటూ వెళ్తూనే ఉన్నాడు. సగం దూరం దాటాక పాప ఒళ్ళు చల్లబడింది. జ్వరం తగ్గిందనుకుని హన్నమ్మ సంతోషపడింది. చాలాసేపు సంతోషంగానే ఉంది. ఆ సంగతి ఆమె నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

పాప పక్కన ఒక మనిషి పట్టేంత జాగా తనది, దాని పక్కది సీమోనుది. ఉప్పుడబ్బా ఏ గూట్లో ఉందో తెలిసినంత మామూలుగా ఆమెకది తెలుసు. రొయ్యల షెడ్డులో ఐసునీళ్ళలో చేతులు ముంచి రోజంతా తలకాయలు తీస్తున్నప్పుడు, చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పగలగొట్టిన ఏడు పనిలేక ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని భీమడోలు వీధుల్లో తిరిగినప్పుడు, ఆ చోటు తలుచుకుంటే కాళ్ళు చాపుకున్నట్టుండేది.

మరియ పోయిన రెండేళ్ళకి రూబెన్ పుట్టాడు. చదువుకుని ఏలూరు పక్కన వట్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటయ్యాడు. అతని భార్య బిందు ఒక ఆసుపత్రిలో నర్సు. వాళ్ళకి ఒక్కతే పాప, కెజియా. రెండో తరగతి.

మొన్న ఏప్రిల్లో రూబెన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మా కింద గది ఖాళీ అవుతుందంట. నువ్వూ నాన్నా వచ్చేయకూడదా? పాప మూడున్నరకి బడి నుంచొచ్చి పక్కింటోళ్ళ మెట్ల మీద కూచుంటోంది. ఆరుదాకా మేం ఎవరం రాలేం."

పాప మెట్ల మీద కూర్చుంటోంది అన్న మాట హన్నమ్మ చెవిలోంచి దిగి ఎక్కడో లోపల ఆగిపోయింది. ఆ రోజు నుంచీ మధ్యాహ్నం మూడున్నర అయ్యేసరికి ఆమె చేతిలో పని ఆగిపోయేది. చేప తోముతుంటే చేప, చీపురైతే చీపురు. మెట్లెలాంటివో ఆమె చూడలేదు. సిమెంటువో, రాతివో. ఎండ ఎటు పడుతుందో. పాప సంచీ వీపునుంచి దించుకుంటుందో, అలాగే కూర్చుంటుందో.

సీమోనుకి వెళ్ళడం ఇష్టం లేదు. ఆయన చేపల చెరువుకి కాపలా. డెబ్భై దాటినా రోజూ తెల్లారగానే గట్టెక్కి నీళ్ళ రంగు చూసి చేపల ఆరోగ్యం చెబుతాడు.

"అక్కడ పొద్దున్నే లేచి దేన్ని చూడనే నేను?" అన్నాడు.

"పాపని చూడండి."

"పాప రంగు మారుద్దా?"

"మారుద్ది. ఎండలో కూచుంటే మారదూ?"

వానాకాలం వెళ్ళిపోయింది. రూబెన్ ఫోన్లలో గది సంగతి తగ్గింది, పాప ర్యాంకుల సంగతి పెరిగింది. హన్నమ్మ ఆ తేడా గమనించలేదు. ఒకసారి అవునన్న మాట అవునే అనుకునే మనిషి. వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం ఇంట్లో ప్రతి సాయంత్రం నీళ్ళలా వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది.

క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల అడ్వెంటు మొదలయ్యాక ఒకరోజు సీమోను అసలు మాట అడిగాడు. "మరి మరియో?"

హన్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. అన్నం వార్చి, గిన్నె తుడిచి, మూత పెట్టి, అప్పుడు చెప్పింది.

"చచ్చిపోయిన పిల్ల పక్కన పడుకోడానికని ఎన్నాళ్ళు కాసుకుని కూచుంటామండి? బతికున్న పిల్ల మెట్ల మీద కూచుంది."

సీమోను లేచి కంచాలు తెచ్చి పెట్టాడు.

బదిలీ ఉత్తరం క్రిస్మస్ ముందు ఆదివారం లోపల తీసుకోవాలి. అది దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం సభ్యుల పేర్లన్నీ గట్టిగా చదువుతారు గనుక రిజిస్టరు అప్పుడే మూసేస్తారు. రూబెన్‌కి ముందు ఫోన్ చేద్దామని సీమోను అన్నాడు. హన్నమ్మ వద్దంది. పండగరోజు ఉత్తరం కొడుకు చేతిలో పెట్టాలని ఆమె ఆశ. అరిసెలూ బొమ్మిడాయిలూ కాకుండా పండక్కి ఆమె ఎవరికైనా ఇంకేదైనా ఇవ్వడం అదే మొదటిసారి కాబోతోంది.

సంఘపెద్ద దేవదానం సీమోనుకి పెదనాన్న కొడుకు. ఉత్తరం రాసేముందు కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"బాగా ఆలోచించుకున్నావా హన్నమ్మా? రాశాక నా చేతిలో ఏం ఉండదు."

"రాయండి బావగారూ."

"వట్లూరు నీళ్ళు పడతాయా నీకు? పంపు తిప్పితే వస్తాయంట."

"తిప్పడం నేర్చుకుంటాను లెండి," అంది. ఆయన నవ్వి సంతకం చేశాడు.

ఆదివారం ఆరాధనలో ఉత్తరం చదివారు. సీమోను, హన్నమ్మ అనే ఈ ఇద్దరినీ ప్రేమతో పంపుతున్నాం, మీ సంఘంలో చేర్చుకోండి అని. ఆడవాళ్ళు హన్నమ్మ చేతులు పట్టుకున్నారు. ఆ మర్నాడు సోమవారం, ఊళ్ళో అందరికంటే పెద్దవాడు చిన్నయ్య కన్నుమూశాడు. ఆయన ఇంటి వరస ఎప్పుడో నిండిపోయింది. సీమోను చోటుని ఆదివారమే వరస నిండిన ఇంకో ఇంటికి రాసేశారు. మెరక మీద ఖాళీగా మిగిలింది మరియ పక్క చోటొక్కటే.

అడగక్కర్లేకపోయినా చిన్నయ్య కోడలు నిర్మల వచ్చి అడిగింది. "అక్కా, నీకేం బాధ లేదుగా?"

"నాకెందుకమ్మా బాధ? ఎల్లిపోయేదాన్నేగా."

మంగళవారం మరియ పక్కన గొయ్యి తీస్తుంటే హన్నమ్మ చూస్తూ నిలబడింది. మట్టి మెత్తగా, పొడిగా, మంచి రంగులో ఉంది. ఇంత మంచి మట్టా అనుకుంది. తన వంతు పిడికెడు మట్టి వేసింది. జనం వెళ్ళాక కాసేపు వంగి కూతురి సిమెంటు దిమ్మ మీద చెయ్యి వేసింది. 'నీ మేనకోడలి దగ్గరికి వెళ్తున్నానే. దానికి ఎవరూ లేరు. నీకైతే తాతయ్య తోడున్నాడు' అని లోపలే చెప్పుకుంది.

బుధవారం, క్రిస్మస్ ముందురోజు, ఇద్దరూ బయల్దేరారు. పండక్కి వెళ్ళేవాళ్ళు మోసేదానికంటే ఓ సంచీ ఎక్కువ. అందులో ఇనపపెనం, చేపల కత్తిపీట, ఇద్దరి దుప్పట్లు.

"ఏంటండి మామ్మగారూ, కాపరానికి పోతన్నారా?" అన్నాడు ఆటో అబ్బాయి సంచీలు కడుతూ.

"ఆయ్, కాపరానికే," అంది హన్నమ్మ.

రోడ్డుకి రెండువైపులా చెరువులు పాదరసంలా మెరుస్తున్నాయి. చేపలకి గాలి పట్టించే మరలు నీళ్ళని తెల్లగా చిలుకుతున్నాయి. సీమోను ప్రతి చెరువునీ తల తిప్పి తిప్పి చూశాడు. ఏలూరు పాత బస్టాండు దగ్గర దిగి ఇంకో ఆటో మారారు. వట్లూరు చేరేసరికి పన్నెండు దాటింది.

రూబెన్ ఉండేది మూడంతస్తుల ఇంట్లో పైవాటా. కింద వీధివైపు ఒక గది. దాని తలుపు తెరిచి ఉంది. తీగ మీద తెల్లటి నూలుచీరలు ఆరుతున్నాయి. లోపలినుంచి బిందు తల్లి జీవరత్నం బయటికొచ్చింది. తాడేపల్లిగూడెంలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. కుడి మణికట్టుకి కట్టు ఉంది.

"రండి వదినగారూ, రండి అన్నయ్యగారూ! వందనాలు. ఎండలో వచ్చారే. ముందు నా గదిలో కూచుని మంచినీళ్ళు తాగండి."

నా గది అన్న మాట హన్నమ్మకి వెంటనే అందలేదు. పండక్కి వచ్చి దిగిందేమో అనుకుంది. లోపలికెళ్ళి మంచం అంచున కూర్చుని గోడకేసి చూసింది. గోడకి ఐదు మేకులు. వాటికి జీవరత్నం భర్త ఫోటో, బడిలో తీయించుకున్న గుంపు ఫోటో, ఒక వాక్యం పటం, ఒక గడియారం, కెజియా టైమ్‌టేబుల్. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు గోడకి మేకులు కొట్టరు.

"చేతికేమైందండి?" అని అడిగాడు సీమోను.

"ఆగస్టులో బాత్‌రూములో జారానండి. ఎముక విరిగింది, ఇంకా సరిగ్గా అతకలేదు. ఇక్కడికి తీసుకొచ్చి చూపించారు. ఆ తర్వాత బిందు ఒప్పుకోలేదు. గూడెంలో నువ్వొక్కదానివీ ఉండటానికి వీల్లేదంది. ఈ గది ఖాళీగానే ఉంది కదా అని..." జీవరత్నం ఆగింది. "రూబెన్ చెప్పలేదాండీ?"

సీమోను భార్యకేసి చూశాడు.

"చెప్పాడండి, చెప్పాడు," అంది హన్నమ్మ. "చెయ్యి ఎలా ఉందో చూద్దామనే తిన్నగా ఇటొచ్చాం."

"పాపకి లెక్కలూ ఇంగ్లీషూ చెబుతున్నానండి. ఎడంచేత్తోనే రాసి చూపిస్తున్నా. క్లాసులో మూడో ర్యాంకు, తెలుసాండీ! నా రాత చూసి నవ్వుద్ది దొంగముండ."

అంతలో కెజియా మెట్లమీంచి గబగబా దిగి వచ్చి హన్నమ్మ మీద పడింది. ఆమె కొంగులో ముఖం పెట్టి గట్టిగా పీల్చి, "మామ్మ వాసన!" అంది.

"ఏం వాసనే?"

"చేప వాసన, పొయ్యి వాసన, ఇంకా ఏదో వాసన."

"తాతయ్య వాసనేమో చూడు," అన్నాడు సీమోను. పాప పకపకా నవ్వింది. హన్నమ్మ ఆ నవ్వుని మెడ దగ్గర వెచ్చగా పట్టుకుని, కళ్ళు మాత్రం ఆ ఐదు మేకుల మీదే ఉంచింది. కాపరపు సంచీ గుమ్మం బయట నిలబడి ఉంది. దాన్ని ఎవరూ చూడకముందే కాలితో గోడవారకి జరిపింది.

సాయంత్రం డాబా మీద రూబెన్ నక్షత్రం కడుతుంటే హన్నమ్మ వైరు పట్టుకుంది. చుట్టుపక్కల ఇళ్ళమీద కూడా ఒకటీ అరా నక్షత్రాలు వెలుగుతున్నాయి. దూరంగా పెదపాడు వైపు పొలాల మీద పొగమంచు దిగుతోంది. రూబెన్ చాలాసేపు ముడి వేస్తూనే ఉన్నాడు.

"అమ్మా, ఫోన్లో చెప్పలేకపోయాను."

"ఏం నాన్నా."

"అత్తయ్యగారికి చెయ్యి విరిగింది. తర్వాత ఆవిడ ఇక్కడే ఉండిపోయారు. పాప చదువు కూడా... నీకు తెలుసు కదా. ఇంకో గది చూద్దామనే ఉంది నాకు. ఇప్పుడే అంటే కుదరదమ్మా. వచ్చే ఏడు చూద్దాం."

"చూద్దాంలే."

"మీకైతే అక్కడ ఇల్లుంది. సంఘం ఉంది. ఏం జరిగినా చూసుకోడానికి అందరూ ఉన్నారు. ఆవిడకి మేం తప్ప ఎవరున్నారు చెప్పు?"

హన్నమ్మ వైరు ఇంకొంచెం పైకెత్తి పట్టింది.

"ఆయ్. అందరూ ఉన్నారు," అంది.

స్విచ్చి వేస్తే నక్షత్రం ఎర్రగా వెలిగింది. కొడుకు ముఖంలో బరువు దిగిపోయిన తేలిక ఆ వెలుగులో కనిపించింది. అంత తేలికపడిన ముఖాన్ని మళ్ళీ బరువెక్కించడానికి ఆమెకి నోరు రాలేదు.

కిందికి వచ్చి సీమోను పక్కన కూర్చుని, "చెప్పకండి," అంది.

"ఎప్పటిదాకా?"

"పండగ ఎల్లేదాకా."

"పేరు ఎక్కడా లేకుండా కొత్త సంవత్సరంలోకి ఎలా పోతామే?" అన్నాడాయన. చాలా మామూలుగా, చెప్పుల్లేకుండా ఊరికెలా వెళ్తాం అన్నట్టు అడిగాడు.

క్రిస్మస్ పొద్దున్న అందరూ తెల్లబట్టలు కట్టుకుని రూబెన్ వెళ్ళే ప్రార్థనామందిరానికి వెళ్ళారు. ఒక వ్యాపారభవనం రెండో అంతస్తులో పెద్ద హాలు అది. గోడమీద తెర, తెరమీద పాటల అక్షరాలు, కీబోర్డు, డ్రమ్ములు. సీమోను పాటలపుస్తకం తెచ్చుకున్నాడు, తెరిచే పని పడలేదు. ఇక్కడ పాడేవన్నీ ఆయనకి కొత్త పాటలు. రెండు చోట్ల మాత్రం తెలిసిన వరుస వచ్చినట్టనిపించి గొంతు కలపబోయాడు, అది ఇంకెటో వెళ్ళిపోయింది.

ఆరాధన అయ్యాక కేకు పంచుతున్నారు. హన్నమ్మ పాప మూతి తుడుస్తూ తలెత్తేసరికి సీమోను పక్కన లేడు. హాలు చివర, వేదిక దగ్గర, కుర్ర పాస్టరు అయ్యగారి ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో ఉత్తరం.

ఆమె వెళ్ళేసరికి అయ్యగారు దాన్ని చదవడం పూర్తి చేశాడు. మంచి నవ్వు అతనిది.

"మాకు రిజిస్టరంటూ లేదు తాతగారూ. ఇక్కడికి ఎవరైనా రావచ్చు, ఎప్పుడైనా రావచ్చు. ఈ ఉత్తరాలూ అవీ పాత పద్ధతి."

"మరి మా పేర్లు ఎక్కడ రాస్తారండి?"

"పైన రాసి ఉంటే చాలదాండీ?" అని ఉత్తరం మడిచి, రెండు చేతులతో, చాలా మర్యాదగా తిరిగి ఇచ్చాడు. ఫోటో దిగడానికి పిల్లలు అతన్ని లాక్కెళ్ళారు.

వెనక రూబెన్ నిలబడి ఉన్నాడు. ఉత్తరం తండ్రి చేతిలోంచి తీసుకుని చదివాడు. మొగలిలంకలో పుట్టినవాడికి ఆ ఉత్తరం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మెట్ల దగ్గరికి వచ్చాక అడిగాడు.

"ఎప్పుడు తీసుకున్నారు ఇది?"

"ఆదివారం," అన్నాడు సీమోను.

"ఎవరు తీసుకోమన్నారు నాన్నా మిమ్మల్ని?"

"నేనేరా," అంది హన్నమ్మ.

"ఒక్క ఫోన్ చేయొచ్చు కదమ్మా!"

నువ్వూ చేయొచ్చు కదా నాన్నా అన్నది ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పండగపూట మింగేసింది.

"మరి మెరక మీద? అక్క పక్కన?"

"చిన్నయ్య మావని పెట్టారు. మంగళారం."

రూబెన్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ళ మధ్య తల వంచుకుని, "నేను దేవదానం పెదనాన్నతో మాట్లాడతాను," అన్నాడు.

"ఏం మాట్లాడతావురా? ఆయన్ని లేచి పక్కకి జరగమంటావా?"

"ఎవర్ని జరగమంటావు మామ్మా?" అంది కెజియా కేకు నములుతూ. హన్నమ్మ పాప మూతి మళ్ళీ తుడిచింది.

ఇంటికి వచ్చాక విషయం అందరికీ తెలిసింది. బిందు కళ్ళు తుడుచుకుని, "మీరు ఉండిపోండి అత్తయ్యా, హాల్లో ఓ మంచం వేస్తే..." అంది. ఆ వాక్యం హాలుని ఒకసారి కొలిచి చూసి మధ్యలోనే ఆగిపోయింది. జీవరత్నం కట్టు ఉన్న చేతిని గుండెకి ఆనించుకుని, "నా గదిలోనే సర్దుకుందాం వదినగారూ. అదీ కాదంటే నేనే గూడెం వెళ్ళిపోతా," అంది. అంటుంటే ఆమె గొంతులో భయం వినిపించింది. అది అబద్ధం కాదు, నిజంగా వెళ్ళిపోతుంది. వెళ్ళి మళ్ళీ ఒక్కతే ఆ బాత్‌రూములో జారుతుంది. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనంలో ఇద్దరు మనుషులకి చాప పరిచేంత జాగా లేదు.

"ఊరుకోండి వదినగారూ," అంది హన్నమ్మ. "చేపలు చల్లారిపోతున్నాయి. కూచోండి అందరూ."

బొమ్మిడాయిల పులుసు బాగా కుదిరింది. అందరూ ఆ మాటే పదేపదే అన్నారు.

భోజనాలయ్యాక హన్నమ్మ వీధిలోకి వచ్చింది. పక్కింటి మెట్లు మూడు. సిమెంటువి, ఎర్రరంగు వేసినవి. మధ్యాహ్నం దాటిన ఎండ సరిగ్గా వాటిమీదే పడుతోంది. మూడున్నరవేళ. ఆమె మధ్య మెట్టు మీద కూర్చుంది. కాలుతోంది గాని, మరీ అంత కాదు. ఎదురుగా ఖాళీ స్థలం, అందులో తుమ్మమొక్కలు, ఆ వెనక కాలేజీ గోడ. పాప రోజూ చూసింది ఇదన్నమాట.

కెజియా వెతుక్కుంటూ వచ్చింది. "ఇక్కడెందుకు కూచున్నావు మామ్మా? ఎండ!"

"నువ్వు కూచునేదానివి కదే, బడినుంచొచ్చి."

"నేనా? ఎప్పుడు?"

"వేసంగికి ముందు. అమ్మా నాన్నా వచ్చేదాకా."

పాప కళ్ళు చికిలించి ఆ మెట్లకేసి చూసింది. ఎంత చూసినా వాటిమీద తను కనిపించలేదు. "ఏమో," అంది. "అమ్మమ్మ నాకు కథ చదువుతానంది. నువ్వూ రా మామ్మా. ఇంగ్లీషు కథ. నీకు అర్థం కాకపోతే నేను చెబుతాలే." చెయ్యి పట్టుకుని లాగింది. హన్నమ్మ లేచి వెళ్ళి, జీవరత్నం మంచం కింద చాపమీద కూర్చుని ఆ కథంతా విన్నది. పాప ఆమె ఒళ్ళో తల పెట్టుకుని మధ్యమధ్య తెలుగులో చెబుతూ, చెబుతూనే నిద్రపోయింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. హన్నమ్మ అరచెయ్యి పాప నుదుటి మీదే ఉంచింది. ఎవరో పిలిచేదాకా తియ్యలేదు.

శుక్రవారం వాళ్ళు తిరిగి బయల్దేరారు. రూబెన్ పాత బస్టాండుదాకా వచ్చాడు. ఆటోలో కాపరపు సంచీ తన చేత్తోనే పెట్టాడు. దాని బరువుకి ఒకసారి తల్లి ముఖంలోకి చూసి, తాడు బిగించాడు.

"వచ్చే ఏడు తప్పకుండా చూద్దామమ్మా."

"పాపని ఎండలో తిప్పమాకండి," అంది ఆమె.

మొగలిలంకలో దేవదానం చర్చి వరండాలో రిజిస్టరు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. కొత్త సంవత్సరానికి పేర్లు శుభ్రంగా తిరిగి రాస్తున్నాడు. వాళ్ళని చూసి కళ్ళద్దాలు తీసేశాడు. సీమోను ఉత్తరం బల్లమీద పెట్టాడు. అంతా విన్నాక దేవదానం చాలాసేపు ఆ ఉత్తరాన్ని అరచేత్తో సాపుచేస్తూ ఉండిపోయాడు. అది ఏమీ నలగలేదు.

"వెనక్కి తీసుకునే పద్ధతి లేదురా తమ్ముడూ. మొన్న ఇలాగే ఉత్తరం పట్టుకెళ్ళి తిరిగొచ్చిన రత్నరాజు వాళ్ళు అడిగితే కాదన్నాను. నీకొక పద్ధతి పెడితే రేపు వాళ్ళ ముఖం ఎలా చూడను?"

"ఒద్దు అన్నయ్యా. నాకోసం మార్చమాక."

"కొత్తవాళ్ళు చేరినట్టే చేరండి. మొదటి ఆదివారం పేర్లు చదువుతాను. ఆఖర్న వస్తాయి." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "చోటు కూడా ఆఖరుదే హన్నమ్మా. పల్లం వైపు. మెరక మీద ఇంక లేదు. అక్కడ నీళ్ళొస్తాయి, తెలుసుగా."

"తెలుసు బావగారూ."

"రెండేళ్ళకోసారి మట్టి పోయిద్దాంలే."

"అలాగేనండి," అంది. రెండేళ్ళకోసారి మట్టి పోస్తామని ఈ ఊళ్ళో ఎన్నిసార్లు అనుకున్నారో ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

సామాను ఇంట్లో పెట్టకుండానే ఇద్దరూ సమాధుల తోటకి వెళ్ళారు. చిన్నయ్య మీద పూలదండలు నల్లబడ్డాయి. కొత్తమట్టి జారి మరియ దిమ్మని సగందాకా కప్పేసింది. హన్నమ్మ కూర్చుని చేత్తో ఆ మట్టిని తీసింది. తీసినకొద్దీ పైనుంచి ఇంకొంచెం జారింది. చిన్నపిల్ల పేరులో మొదటి అక్షరం కనిపించేదాకా తీసి వదిలేసింది.

అక్కణ్ణుంచి పల్లం చివరికి నడిచారు. సీమోను లోలోపల అడుగులు లెక్కపెడుతున్నాడని ఆమెకి తెలుసు. నేల పోనుపోను సన్నబడి, ముక్కులా నీళ్ళలోకి చొచ్చుకుపోయి, అక్కడ బురదయింది. కిందటి వానలకి వచ్చిన గుర్రపుడెక్క ఎండి, చాపల్లా అక్కడక్కడా పడి ఉంది. కాలు వేస్తే నేల లోపలినుంచి చిన్నగా నీటిచప్పుడు. ఒక కొంగ వాళ్ళని చూసి లేవకుండా నాలుగడుగులు మాత్రం పక్కకి నడిచింది.

హన్నమ్మ ఆ జాగాని ఇటునుంచి అటు చూసింది. ఇద్దరికి సరిపోతుంది.

"ఏవండీ," అంది. "నీళ్ళవైపు మీరు పడుకోండి. నాకు ఈత రాదు."

సీమోను చాలాసేపు చుట్టూ చూశాడు.

"రెండువైపులా నీళ్ళే కదే," అన్నాడు.